తిరుపతి నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క మనమే వేసుకోవడం ఎలా

డాలస్‌లో కొడుకో కూతురో ఉన్న ఇళ్లు తిరుపతిలో ఇప్పుడు తక్కువేం కాదు. మొదటిసారి బయలుదేరే అమ్మానాన్నలు అడిగేది ఒకటే, "విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి నాయనా?" అని. నెట్‌లో వెతికితే ఒకచోట 18 గంటలని ఉంటుంది, ఇంకోచోట 16 అని ఉంటుంది, టికెట్ తీసి చూస్తే 23 పైనే కనిపిస్తుంది. ఇందులో ఏదీ అబద్ధం కాదు. 18 అనేది ఎవరూ నడపని విమానానికి వేసిన లెక్క, 16 మధ్యలో ఎక్కే ఒక్క పెద్ద ఫ్లైట్‌ది, 23 ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి. మీకు నిజంగా కావాల్సింది మన గడప నుంచి పిల్లల గడప దాకా పట్టే సమయం. అది ఏ వెబ్‌సైటూ చెప్పలేదు, ఎందుకంటే మీరు బాలాజీ కాలనీలో ఉన్నారో పలమనేరులో ఉన్నారో దానికి తెలియదు కదా.

డాలస్‌నే ఉదాహరణగా తీసుకుని వరసగా చెప్తాను. మీ పిల్లలు చికాగోలో ఉన్నా మెల్‌బోర్న్‌లో ఉన్నా అంకెలు మారతాయి గానీ పద్ధతి ఇదే. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు దూరం: గ్లోబు మీద దారం పెట్టి చూడండి

గోడకు తగిలించే ప్రపంచ పటం చూస్తే డాలస్‌కి అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ నేరుగా పడమరకే పోవాలనిపిస్తుంది. గుండ్రటి భూమిని బల్లపరుపుగా సాగదీసి గీసిన పటం కాబట్టి అలా కనిపిస్తుంది. పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస తిరుపతి మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకు పోదు, ఉత్తరానికి లేస్తుంది. నాగపూర్ మీదుగా వెళ్లి, హిమాలయాలు దాటి, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి కొన్ని వందల కిలోమీటర్ల దగ్గరకు పోయి, అవతలి వైపు కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు, భూమి మీద రెండు ఊళ్లకీ ఇంతకంటే దగ్గర దారి లేదు. వెబ్‌సైట్లు ఫ్లైట్ డిస్టెన్స్ అని చూపించేది ఈ దారం పొడవే తప్ప మీరెక్కే విమానం తిరిగే దూరం కాదు.

డాలస్ విషయంలో మన ఊరికి ఒక వెసులుబాటు ఉంది. తిరుపతి సుమారు 79.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 176.5. అదే 180 అయితే సరిగ్గా భూమికి అటుపక్క ఇటుపక్క అన్నమాట. అంటే ఇక్కడి నుంచి ధ్రువం దాకా ఎక్కి అక్కడి నుంచి దిగడమే, కాబట్టి హైస్కూలు పిల్లలు కూడా వేయగల లెక్క ఇది. తిరుపతి అక్షాంశం 13.6, దాన్ని 90లోంచి తీసేస్తే ధ్రువం దాకా 76.4 డిగ్రీలు. డాలస్ అక్షాంశం 32.9, ధ్రువం నుంచి అక్కడికి 57.1 డిగ్రీలు. కలిపితే 133.5. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే 14,818 వస్తుంది. కంప్యూటర్‌లో పక్కా సూత్రంతో వేస్తే 14,830 దగ్గర తేలుతుంది. పెన్ను, కాగితంతో ఇంత దగ్గరికి రావడం నాకైతే భలే సరదాగా ఉంటుంది. సింగపూర్, న్యూయార్క్ మధ్య నడిచే ప్రపంచంలోని అతి పెద్ద ఫ్లైట్లలో ఒకటి దాదాపు 15,300 కిలోమీటర్లు పోతుంది, మనది అంతకంటే కాస్తే తక్కువ.

అన్ని ఊళ్లకీ ఈ చిట్కా పనిచేయదు. రేఖాంశాలు ఎదురెదురుగా ఉంటే పైన చెప్పినట్టు కలపాలి, తిరుపతి, హైదరాబాద్‌లా ఒకే రేఖాంశానికి దగ్గరగా ఉంటే అక్షాంశాల తేడాని 111తో గుణించాలి. రేణిగుంట నుంచి శంషాబాద్‌కి అలా వేస్తే 400 వస్తుంది, అసలు దూరం 420 దాకా ఉంటుంది. మిగతా వాటికి గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సదుపాయం ఉంది, లేదంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు కొట్టండి. ఒక్క జాగ్రత్త, మైళ్లలో చూపిస్తే అవి ఏ మైళ్లో చూసుకోండి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాల వాళ్లు వాడే నాటికల్ మైలు 1.852. మన 14,830 కిలోమీటర్లే ఒకచోట 9,215 అని, ఇంకోచోట 8,008 అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

ధ్రువం మీదుగా నిజంగా పోతారా అని అడుగుతారేమో, పోతారు. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటిసారి నాన్‌స్టాప్ నడిపినప్పుడు ఆ దారిలోనే వచ్చింది, దాదాపు 14,000 కిలోమీటర్లు. పైలట్లందరూ ఆడవాళ్లే, కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఆ కాక్‌పిట్‌లో ఉన్నారు.

ఇప్పుడు మీరెక్కే దారి

తిరుపతి నుంచి డాలస్‌కి నాన్‌స్టాప్ లేదు, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా లేదు. మధ్యలో ఎక్కడో దిగి ఎక్కాలి. కాబట్టి రెండు ముక్కలుగా కొలిచి కలపండి. చెన్నై నుంచి దుబాయ్ సుమారు 2,930 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,920. కలిపితే 15,850. చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ 7,590, అక్కడి నుంచి డాలస్ 8,260, మొత్తం మళ్లీ 15,850. దోహా మీదుగా అయితే 16,030 దాకా.

చూశారా, ఏ దారైనా దారం పొడవు కంటే వెయ్యి, పన్నెండొందల కిలోమీటర్లే ఎక్కువ, అంటే గంటా గంటన్నర తేడా. అందుకే "ఏది దగ్గర దారి" అని బుర్ర పాడుచేసుకోవద్దు. దారి ఎలా విరుగుతుందో చూడండి. దుబాయ్ మీదుగా అయితే నాలుగు గంటలు, పదహారు గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే తొమ్మిదిన్నర, పదిన్నర. మోకాళ్ల నొప్పులున్న నాన్నకి పదహారు గంటలు ఏకబిగిన కూర్చోవడం కష్టం, ఆయనకి సగం సగం దారే నయం. మధ్యలో లేపితే మళ్లీ నిద్రపట్టని అమ్మకి ఒకటే పెద్ద ఫ్లైట్ మేలు. ఈ నిర్ణయం కిలోమీటర్లు చేయవు.

గాల్లో ఎంతసేపు

పెద్ద విమానం పైకెక్కాక గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కానీ ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా పాకడం ఉంటాయి కాబట్టి నేను వాడే సూత్రం ఇది: దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. చెన్నై, దుబాయ్‌కి 2,930ని 850తో భాగిస్తే మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలు, అరగంట కలిపితే నాలుగు గంటలు. టైమ్‌టేబుల్‌లో చూస్తే నాలుగు, నాలుగుంపావు ఉంటుంది. దుబాయ్, డాలస్‌కి పదిహేను గంటల నలభై నిమిషాలు వస్తుంది, టికెట్ మీద పదహారు, ఆ పైన ఉంటుంది. మొదట్లో చెప్పిన 18 గంటలు కూడా ఇలా వచ్చిందే, 14,830ని ఇదే సూత్రంలో పెట్టి చూడండి.

ఈ సూత్రం పోయేటప్పుడు కాస్త తక్కువ, వచ్చేటప్పుడు కాస్త ఎక్కువ చూపిస్తుంది. కారణం గాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంటుంది, చలికాలంలో ఇంకా ఉధృతంగా ఉంటుంది. అమెరికా పోయేటప్పుడు అది మనకి ఎదురు, తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు పట్టే దారి తిరుగు ప్రయాణంలో పద్నాలుగున్నరకి దిగుతుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల్లో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లోనే వెళ్లిపోయింది, మామూలుగా ఆరున్నర, ఏడు గంటల ప్రయాణం అది.

గాలి ఒకటే కాదు, గొడవలు కూడా సమయాన్ని సాగదీస్తాయి. 2022 నుంచి రష్యా మీదుగా పాశ్చాత్య దేశాల విమానాలు పోవడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక, ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా పోయే ఎయిరిండియా ఫ్లైట్లు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేస్తే దోహా మీదుగా పోవాల్సిన వాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. కాబట్టి పాత వెబ్‌పేజీలో ఉన్న గంటల్ని నమ్ముకోకండి. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొడితే గత వారంలో ఏ రోజు ఎంతసేపు ఎగిరిందో వరసగా కనిపిస్తుంది. సూత్రాలన్నిటికంటే అదే పక్కా.

గడియారం దగ్గరే అందరూ తడబడేది

టికెట్ మీద ఉండే ప్రతి టైమూ ఆ ఊరి టైమే. ఇది గుర్తుంటే సగం టెన్షన్ పోతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశం మొత్తానికీ కాకినాడ మీదుగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం ఒకటే టైమ్, గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, దోహా రెండున్నర వెనక. డాలస్ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక, ఎందుకంటే వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు.

ఎండాకాలంలో ఒక టికెట్ ఊహించుకుందాం. శనివారం చెన్నైలో తెల్లవారుజామున 3:50కి ఎక్కితే దుబాయ్‌లో 6:30కి దిగుతారు. 9:30కి మళ్లీ ఎక్కితే డాలస్‌లో శనివారమే సాయంత్రం 4:45కి దిగుతారు. పైకి చూస్తే పదమూడు గంటల ప్రయాణంలా ఉంటుంది. అసలు లెక్కకి దిగిన టైమ్‌ని మన టైమ్‌లోకి మార్చండి: 4:45కి పదిన్నర కలిపితే ఆదివారం తెల్లవారుజామున 3:15. శనివారం 3:50 నుంచి ఆదివారం 3:15 దాకా 23 గంటల 25 నిమిషాలు. అందులో నాలుగు గంటల పది నిమిషాలు మొదటి ఫ్లైట్, మూడు గంటలు దుబాయ్‌లో కూర్చోవడం, పదహారుంపావు రెండో ఫ్లైట్. కూడితే సరిపోయింది, అంటే లెక్క కరెక్టే. ఇలా రెండు వైపుల నుంచీ సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి.

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ గంటల కాగితాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించి, ఏ మాత్ర ఎప్పుడో రాయించుకోండి. "రాత్రి మాత్ర" అంటే ఏ ఊరి రాత్రో విమానంలో తేలదు.

ఇక తేదీ. టికెట్ మీద శనివారం 3:50 అని ఉంటే ఇంట్లోంచి బయలుదేరాల్సింది శుక్రవారం రాత్రి. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా శుక్రవారమే, ఎయిర్‌లైన్స్‌కి మాత్రం అర్ధరాత్రి దాటితే శనివారం. ఇంట్లో పెద్దావిడ "శుక్రవారం ఆడపిల్లని ఎలా పంపుతావురా" అంటే ఆవిడ లెక్కలో తప్పేం లేదు, టికెట్ కొనేముందే అడిగి ఉండాల్సింది. కొన్నాక తేదీ మార్చాలంటే డబ్బు కట్టాలి. కాబట్టి అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఉండే ఫ్లైట్లకి బయలుదేరే రోజుని టికెట్ మీదే పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు: మన లెక్క తప్పేది ఇక్కడే

తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు దాదాపు 140 కిలోమీటర్లు. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోయి, సిటీలోకి దూరకుండా పూందమల్లి వైపు నుంచి మీనంబాక్కం చేరాలి. ఖాళీ రోడ్డు మీద మూడు గంటలు చాలు. కానీ అమెరికా ఫ్లైట్‌కి మూడు గంటలని నమ్ముకుని బయలుదేరకండి, నాలుగున్నర వేసుకోండి. ఆడికృత్తిక రోజుల్లో తిరుత్తణి దగ్గర కావళ్లు మోసుకొచ్చే జనంతో రోడ్డు నిండిపోతుంది. పెరటాసి శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి అప్పుడు తమిళనాడు బండ్లన్నీ ఈ దారిలోనే ఉంటాయి. నవంబర్, డిసెంబర్‌లో వానల సంగతి వేరే చెప్పాలా. 2015 డిసెంబర్ వరదలకీ, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకీ చెన్నై ఎయిర్‌పోర్టునే మూసేశారు. ఆ రెండు నెలల్లో టికెట్ తీసేటప్పుడు నేనైతే బెంగళూరు, హైదరాబాద్ ధరలు కూడా పక్కన పెట్టుకుని చూస్తాను.

చిత్తూరు వాళ్ల లెక్క వేరు. రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై, లేదంటే పలమనేరు, ముళబాగల్, కోలార్ దాటి హోస్కోటె దగ్గర తిరిగి దేవనహళ్లి వైపు నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టు, సిటీ ట్రాఫిక్‌లో పడకుండా. దూరాలు మరీ తేడాగా ఉండవు, ఏది చవగ్గా దొరికితే అదే. పలమనేరు, కుప్పం వాళ్లకి బెంగళూరే నయం. తిరుపతి నుంచి మాత్రం బెంగళూరు ఎయిర్‌పోర్టుకి 240, 250 కిలోమీటర్లు ఉంటుంది, అయిదారు గంటలు కార్లో కూర్చుని ఆ పైన ఇరవై గంటలు విమానంలో కూర్చోవడం పెద్దవాళ్లకి భారమే.

రేణిగుంట నుంచి హైదరాబాద్‌కి ఎగిరి అక్కడ మారడం వినడానికి హాయిగా ఉంటుంది, గంటంపావు ఫ్లైట్. కానీ రేణిగుంట నుంచి రాత్రి పొద్దుపోయాక ఫ్లైట్లు ఉండవు, అమెరికా వైపు పోయేవి చాలావరకు అర్ధరాత్రి దాటాకే ఉంటాయి, కాబట్టి శంషాబాద్‌లో ఆరేడు గంటలు పడిగాపులు పడాలి. పైగా రెండూ వేర్వేరు టికెట్లయితే ఇంకో చిక్కు. దేశీయ టికెట్ మీద సాధారణంగా 15 కిలోల లగేజీకే అనుమతి, అమెరికా టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు. ఆవకాయ, సున్నుండలు, కరివేపాకు పొడి సర్దుకున్న పెట్టెలకి రేణిగుంట కౌంటర్లోనే వేలల్లో కట్టాల్సొస్తుంది. మొదటి ఫ్లైట్ ఆలస్యమైతే రెండో దానికి ఎవరూ పూచీ ఉండరు కూడా. ఒకే టికెట్‌లో మొత్తం వచ్చేటట్టయితేనే ఈ దారి పట్టండి.

మధ్యలో మారేచోట గంటన్నర చాలని టికెట్ సైట్ అంటుంది. కుర్రాళ్లకి చాలు. పెద్దవాళ్లకి మూడు గంటలు ఉండేలా చూడండి, వీల్‌చెయిర్ ముందే అడిగి పెట్టండి. న్యూయార్క్‌లోనో చికాగోలోనో మారి డాలస్ పోయే టికెట్ అయితే ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది, లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాలి, దానికి మూడు గంటలు తక్కువే. అబుదాబి మీదుగా పోయేవాళ్లకి మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే పూర్తవుతుంది, కాబట్టి అక్కడ ఎక్కువ టైమ్ ఉంచుకోవాలి.

అన్నీ కలిపితే

మన ఊహా టికెట్‌కే వద్దాం. చెన్నైలో 3:50 ఫ్లైట్‌కి మూడు గంటల ముందు, అంటే 12:50కి లోపల ఉండాలి. నాలుగున్నర గంటల దారి, పైన ఇరవై నిమిషాలు పెట్టెలు ఎక్కించడానికి, మొత్తానికి శుక్రవారం రాత్రి ఎనిమిదికి తిరుపతిలో బండి కదలాలి. డాలస్‌లో శనివారం 4:45కి దిగాక ఇమిగ్రేషన్, లగేజీ కలిపి గంటన్నర, రెండు గంటలు, ఫ్రిస్కో వైపు ఇల్లయితే ఇంకో ముప్పావుగంట. సుమారు 7:15కి ఇంట్లో కాలు పెడతారు. మన టైమ్‌లో అది ఆదివారం ఉదయం 5:45. శుక్రవారం రాత్రి ఎనిమిది నుంచి లెక్కిస్తే 33 గంటల 45 నిమిషాలు. అమ్మానాన్నలకి చెప్పాల్సింది ఈ అంకె, పదహారో పద్దెనిమిదో కాదు. రెండు రాత్రులు సరైన నిద్ర ఉండదని కూడా చెప్పండి, శనివారం రాత్రి డాలస్‌లో బంధువులకి భోజనాలు పెట్టుకోవద్దని అక్కడి పిల్లలకీ చెప్పండి.

తిరుగు ప్రయాణం ఇదే పద్ధతిలో వేయండి. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఎక్కితే మన టైమ్‌లో శనివారం ఉదయం 5:30. పద్నాలుగున్నర గంటలు, దుబాయ్‌లో మూడు గంటలు, మళ్లీ నాలుగు గంటలు, చెన్నైలో ఆదివారం తెల్లవారుజామున మూడింటికి దిగుతారు. ఇల్లు కదిలినప్పటి నుంచి తిరుపతి చేరేదాకా ముప్పై, ముప్పై ఒక్క గంట. బండి మాట్లాడేటప్పుడు "ఆదివారం మూడింటికి" అని డ్రైవర్‌తో అనకండి, ఆదివారం మధ్యాహ్నం అనుకుంటాడు. "శనివారం రాత్రి తొమ్మిదికి తిరుపతిలో బయలుదేరు" అని చెప్పండి. ముందుగా చేరితే పార్కింగ్‌లో రెండు గంటలు పడుకుంటాడు. మీరు బయటికొచ్చేసరికి నాలుగవుతుంది, డ్రైవర్లకి కునుకు పట్టే సమయమే అది, కాబట్టి మాట్లాడుకున్న రేటు మీద ఇంకో వంద ఎక్కువైనా ఇచ్చి తిరువళ్లూరు దాటాక ఒకచోట ఆపించి అందరూ టీ తాగండి.